సింబల్ మీది ఇంటిపేరు

చి. తమ్ముడికి,

ఆశీస్సులు. నీ వ్యాసం చేరింది. డ్రమ్స్ వాయించే కుర్రాడు తన సింబల్ (కర్రతో కొట్టే కంచు తాళం) మీద అచ్చేసిన 'జిల్జియన్' అనే పేరు ఎవరిదో వెతుక్కుంటూ ఇస్తాంబుల్ దాకా వెళ్లడం నాకు నచ్చింది. కానీ మొదటి వాక్యంలోనే "ప్రపంచంలోని అత్యంత అరుదైన ఇంటిపేర్లలో జిల్జియన్ ఒకటి" అన్నావు. ఆ వాక్యం కొట్టేశాను. ఎవరు లెక్కపెట్టారయ్యా అని ఒక్కడు అడిగితే నీ దగ్గర జవాబు లేదు. పైగా అరుదు అని ముందే ప్రకటించేస్తే, ఎందుకు అరుదయిందో చెప్పే పని నుంచి జారుకున్నట్టే. అర్మేనియన్ ఇంటిపేర్లలో కథంతా ఆ "ఎందుకు" దగ్గరే ఉంది.

పేరు ఎలా కట్టారో చెబుతూ మొదలుపెట్టు. టర్కీ భాషలో 'జిల్' అంటే సింబల్. 'జి' అంటే ఆ పని చేసేవాడు. చివరి 'యన్' ఒక్కటే అర్మేనియన్, ఫలానా వారి ఇంటివాళ్లని చెప్పే ముక్క. మధ్యలో ఉన్న ఆ 'జి' మనకు బాగా తెలిసినదే. ఖజాంచీ, బావర్చీ, మషాల్చీ చివర వినబడేది అదే, పారశీకం మీదుగా ఉర్దూలోకీ అక్కణ్ణుంచి మన నోళ్లలోకీ వచ్చింది. దీనికి నువ్వు పేజీన్నర ఖర్చుపెట్టావు. నాలుగు వాక్యాలు చాలు. హైదరాబాద్‌లో బిర్యానీ తిన్నవాడెవడికీ అంతకన్నా వివరణ అక్కర్లేదు.

అర్మేనియన్లకు టర్కీ మాటతో ఇంటిపేరేమిటని మాత్రం పాఠకుడు తప్పకుండా అడుగుతాడు. దానికి నీ వ్యాసంలో జవాబు లేదు. ఆటొమన్ సామ్రాజ్యంలోని పట్టణాల్లో చేతిపనుల్లో చాలా భాగం అర్మేనియన్లది. బజారు భాష టర్కీ. కొన్ని పట్టణాల్లో అర్మేనియన్లు ఇంట్లో కూడా టర్కీయే మాట్లాడేవారు. కొట్టుకొచ్చినవాడు ఏ పేరుతో పిలిస్తే అదే ఇంటికి అంటుకుంది, దానికి 'యన్' తగిలించారు. తెర్జియన్లు దర్జీలు, ఆ 'తెర్జీ', మన 'దర్జీ' ఒకే పారశీక మాట నుంచి వచ్చాయి. సరాఫియన్లది డబ్బు మార్చే షరాబు వృత్తి. హెకిమియన్లు హకీం గారి ఇంటివాళ్లు. నల్బందియన్లు గుర్రాలకు లాడాలు కొట్టేవాళ్లు. 2002లో వింబుల్డన్ ఫైనల్ ఆడిన అర్జెంటీనా కుర్రాడు డేవిడ్ నల్బందియన్ ఉన్నాడు చూడు, ఆయన పేరులోనూ ఆ లాడాలే ఉన్నాయి. కమ్మరికి టర్కీ మాట పెట్టుకున్నవాళ్లు దెమిర్జియన్లయ్యారు, అర్మేనియన్ మాట నిలుపుకున్నవాళ్లు దర్బిన్యన్లయ్యారు. టర్కీ మాట ఉందని ఆ పేరును తక్కువగా చూడకు. 1974 నుంచి 1988 దాకా సోవియట్ అర్మేనియా పార్టీకి అధిపతిగా ఉన్న కరెన్ దెమిర్చ్యన్ ఇంటిపేరు కూడా అదే.

ఇప్పుడు నీ అసలు ప్రశ్నకు వద్దాం. తెర్జియన్, జిల్జియన్ రెండూ ఒకే పద్ధతిలో కట్టిన పేర్లు. మొదటిది దేశదేశాల్లో కనిపిస్తుంటే రెండోది ఒక్క కుటుంబానికే ఎందుకు పరిమితమైంది? ప్రతి ఊళ్లోనూ దర్జీ ఉంటాడు, కాబట్టి ప్రతి ఊళ్లోనూ ఒక తెర్జియన్ కుటుంబం విడిగా పుడుతుంది. వాళ్లు ఒకరికొకరు చుట్టాలు కానక్కర్లేదు. సింబల్స్ చేసేవాడు అన్ని ఊళ్లలో ఉండడు. కొనేవాళ్లే తక్కువ: సుల్తాన్ సైన్యం వెంట వాయించే మెహ్తర్ బృందాలు, చర్చి ఆరాధనలు, మరికొందరు. పైగా ఈ ఇంటివాళ్లు తమ లోహం రహస్యాన్ని వారసుడికి తప్ప ఇంకెవరికీ చెప్పలేదంటారు. శిష్యులకు పని నేర్పి పంపిన ఇల్లయితే ఆ వృత్తి పేరు నలుగురి ఇళ్లకూ వ్యాపించేది. ఇక్కడ గుట్టుతో పాటు పేరు కూడా ఇంట్లోనే ఉండిపోయింది. నీ వ్యాసానికి ఇదే నడుం. మూడో పేజీలో ఒక వాక్యంలో అనేసి వెళ్లిపోయావు. దీని దగ్గర ఆగు.

అవెదిస్ కథ బాగానే చెప్పావు గానీ ఒక్క జాగ్రత్త తీసుకో. 1618లో ఇస్తాంబుల్‌లో బంగారం చేయబోయిన అవెదిస్ అనే రసవాదికి గణగణమని మోగే కంచు దొరికిందనీ, సుల్తాన్ మెచ్చి ఆ పేరు ఇచ్చాడనీ, 1623లో సొంత కార్ఖానా పెట్టుకున్నాడనీ కుటుంబం చెప్పుకుంటుంది. కుటుంబం చెప్పుకునే కథను అలాగే రాయి, నువ్వు పక్కన నిలబడి చూసినట్టు రాయకు. లోహం సంగతి మాత్రం ధైర్యంగా చెప్పొచ్చు. మంచి సింబల్‌లో దాదాపు 80 పాళ్లు రాగి, 20 పాళ్లు తగరం ఉంటాయి. తగరం అంత ఎక్కువైతే మోత అద్భుతంగా ఉంటుంది, కానీ రేకు పెళుసై సుత్తి దెబ్బకే విరుగుతుంది. విరగకుండా దాన్ని పలచని రేకుగా సాగదీయడమే ఆ ఇంటి విద్య. కంచు మోగినట్టు కనకం మోగదని చిన్నప్పటి నుంచీ వింటున్న పాఠకుడి ముందు బంగారం వెతికినవాడికి కంచు దొరికిన కథ చెబుతున్నావు. ఆ అవకాశాన్ని ఎలా వదిలేశావో నాకు అర్థం కాలేదు.

ఇక లెక్కల సంగతి. ఇంటర్‌నెట్‌లో పేరు కొట్టి, ఎన్ని ఫలితాలొస్తే అంతమంది ఉన్నారనుకోవడం అర్మేనియన్ పేర్ల దగ్గర అస్సలు పనికిరాదు. అర్మేనియా రాజధాని యెరెవాన్‌లో 'ప' అని పలికే అక్షరాన్ని బేరూత్‌లోని అర్మేనియన్లు 'బ' అంటారు. అందుకే యెరెవాన్ పెత్రోస్యన్ బేరూత్‌లో బెద్రోసియన్. కరపెత్యన్ గరబేదియన్ అవుతాడు, గ్రిగోర్యన్ క్రికోరియన్ అవుతాడు. 1920లలో సోవియట్ అర్మేనియా వర్ణక్రమాన్ని మార్చింది, బయటి దేశాలవాళ్లు పాత పద్ధతే ఉంచుకున్నారు. కాబట్టి ఆ 'యన్'ను కూడా సొంత లిపిలో రెండు రకాలుగా రాస్తారు. జార్ కాలపు రష్యా కాగితాల్లో అదే తోక 'యంత్స్' అయింది. దక్షిణాన జంగెజూర్, కరబాఖ్ కొండల్లో 'ఉంత్స్', 'అంత్స్' తోకలుంటాయి, గోరిస్‌లో పుట్టిన రచయిత అక్సెల్ బకుంత్స్ పేరులో ఉన్నట్టు. పెళ్లి చేసుకున్న పూజారుల వంశాలు పేరు ముందు 'తేర్' పెట్టుకుంటాయి. స్వతంత్ర అర్మేనియా మొదటి అధ్యక్షుడు లెవోన్ తేర్-పెత్రోస్యన్ అలాంటి ఇంటివాడు. ఇన్ని రిజిస్టర్లు, ఇంతమంది గుమస్తాలు. ఒక్కో గుమస్తా ఒక్కో రకంగా రాస్తే ఒకే కుటుంబం నాలుగు "అరుదైన" పేర్లుగా కనిపిస్తుంది. అరుదు అనే ముందు ఏ లిపిలో, ఎవరు రాసిన కాగితంలో అని అడుగు.

నీ జిల్జియన్ల ఇంట్లోనే దీనికి సాక్ష్యం ఉంది. ఇస్తాంబుల్‌లో మిగిలిపోయిన శాఖలో మికాయెల్ అని ఒక పనిమంతుడు ఉండేవాడు. ఆయన ఇంటిపేరు జిల్జాన్ అని కనిపిస్తుంది. 1934లో టర్కీ ప్రతివాళ్లూ ఇంటిపేరు పెట్టుకోవాలని చట్టం చేసి, దాని నిబంధనల్లో 'యన్', 'విచ్', 'పులోస్' లాంటి తోకలు కొత్త పేర్లకు కూడదంది. ఆ దేశంలో మిగిలిన చాలామంది అర్మేనియన్ల పేర్లకు తోక పోయింది. ఆ రోజుల్లోనే భాషాశాస్త్రవేత్త హగోప్ మర్తాయన్‌కు టర్కీ అధ్యక్షుడు అతాతుర్క్ 'దిలాచార్' అనే కొత్త పేరు పెట్టాడు. టర్కీ భాషను తీర్చిదిద్దే సంస్థలో ఒక అర్మేనియన్ ముఖ్యుడిగా ఉండటం, ఆ గౌరవమే సొంత ఇంటిపేరును మింగేయడం, ఇదే విడిగా ఒక వ్యాసం. రాయదలిస్తే తర్వాత రాయి, ఇందులో ఇరికించకు.

1915 గురించి నువ్వు ఒక్క ముక్కా రాయలేదు. సంగీతం మీద వ్యాసంలో ఆ విషాదం ఎందుకనుకున్నావేమో. ఇంటిపేర్ల గురించి రాస్తూ దాన్ని దాటవేయడం కుదరదు. ఆ ఏడు ఏప్రిల్ 24న ఇస్తాంబుల్‌లో అర్మేనియన్ మేధావులను అరెస్టు చేయడంతో బహిరంగంగా మొదలై, ఆటొమన్ ప్రభుత్వం అర్మేనియన్ల ఊళ్లకు ఊళ్లను సిరియా ఎడారి వైపు నడిపించింది. లక్షలాది మంది చనిపోయారు. ఒక్క ఊరికే, ఒక్క ఇంటికే చెందిన పేర్లు ఆ ఇంటితోనే పోయాయి. అనాథాశ్రమాల్లో చేరిన పిల్లల్లో ఇంటిపేరు గుర్తులేనివాళ్లకు, గుర్తున్న తండ్రి పేరుకే 'యన్' చేర్చి రాసుకున్నారు. అలా ఒక అరుదైన పేరు పోయి, మామూలు పేరు ఇంకొకటి పెరిగింది. పుట్టుకతోనే కొద్దిమందిది కావడం ఒక రకం అరుదు, చంపగా మిగలడం మరో రకం. రెండింటికీ ఒకే విశేషణం వాడి "ఆసక్తికరం" అని రాయకూడదు. నువ్వు ఆ మాట రెండుసార్లు రాశావు.

ఊరి పేర్లతో వచ్చే ఇంటిపేర్ల మీద నీ పేరా బాగుంది. మరష్లియన్ అంటే మరష్ నుంచి వచ్చినవాళ్లు, ఇజ్మిర్లియన్ అంటే ఇజ్మిర్ వాళ్లు, హలేబియన్ అంటే అలెప్పో వాళ్లు. ఒక్కటి కలుపు: మరష్‌లో ఉన్నవాణ్ణి మరష్ వాడని ఎవరూ పిలవరు. ఊరు వదిలి వేరే చోట స్థిరపడ్డాకే ఆ పేరు పడుతుంది. నిడదవోలు వారు, వేటూరి వారు అని మనం అనే ఇళ్లదీ ఇదే దారి కాబట్టి తెలుగు పాఠకుడికి చిటికెలో అర్థమవుతుంది. మన ప్రస్తావన తేవాల్సిన చోటు ఇది. నువ్వు మాత్రం ముగింపులో "మన ఇంటిపేర్లలాగే" అని ఊరికే తగిలించావు, అది తీసెయ్.

నువ్వు హైదరాబాద్‌లోనే ఉన్నావు కదా, ఒకసారి ఉప్పుగూడ వెళ్లు. అక్కడ 17వ శతాబ్దపు అర్మేనియన్ సమాధులున్నాయి. 1604, 1605 ప్రాంతంలో పారశీక రాజు షా అబ్బాస్ అరాస్ నది ఒడ్డునున్న జుల్ఫా పట్టణాన్ని ఖాళీ చేయించి, అక్కడి అర్మేనియన్లను ఇస్ఫహాన్ పక్కకు తరలించాడు. ఆ కొత్త జుల్ఫా వర్తకులే మచిలీపట్నం, మద్రాసు, కోల్‌కతా దాకా వచ్చారు. ఆ కాలపు రాళ్ల మీద సాధారణంగా ఫలానా వారి కొడుకు ఫలానా అని చెక్కించుకునేవాళ్లు. అందరికీ స్థిరమైన ఇంటిపేరు అన్న పద్ధతి చాలావరకు 19వ శతాబ్దంలో చర్చి పుస్తకాలూ ప్రభుత్వ కాగితాలూ బిగిశాక నిలబడింది. అక్షరాలు చదవలేకపోయినా రాళ్లు చూడు. చూసి వచ్చినవాడి వాక్యం వేరుగా ఉంటుంది. మన దేశంలో స్థిరపడ్డవాళ్లలో చాలామంది ఆ 'యన్'ను వదిలేశారు. 1846లో కోల్‌కతాలో పుట్టి హాంకాంగ్‌లో కోటీశ్వరుడైన పాల్ చేటర్ అసలు ఇంటిపేరు అస్త్వత్సతూర్, దైవదత్తుడని అర్థం. ఇంగ్లీషు దొరల నాలుక తిరగక అందులో చివరి ముక్కే మిగిలింది. హాంకాంగ్‌లో చేటర్ రోడ్డు ఇప్పటికీ ఉంది.

ప్రసిద్ధుల పట్టిక మొత్తం తీసెయ్. ఎవరు గాయకుడో ఎవరు నటుడో పాఠకుడు తనే వెతుక్కుంటాడు. విమానాల రూపకర్త మికోయన్‌ను ఒక్కణ్ణి ఉంచు. మిగ్ విమానంలోని 'మి' ఆయన పేరే. మిగ్-21ల ఎలక్ట్రానిక్ పరికరాల తయారీకే హైదరాబాద్‌లో విమానాల సంస్థ హెచ్‌ఏఎల్ విభాగం పెట్టారు. అర్మేనియన్ ఇంటిపేరులో మొదటి అక్షరం బాలానగర్ దాకా వచ్చిందని ఒక వాక్యం రాస్తే చాలు.

చివరగా సేబియన్ అనే ఇంకో సింబల్ కంపెనీ సంగతి. దాన్ని ఫుట్‌నోట్‌లో పెట్టావు! అది పైకి రావాలి. జిల్జియన్ల ఇంట్లో మూడో అవెదిస్ అమెరికా వెళ్లి 1929లో మసాచుసెట్స్‌లో సింబల్స్ చేయడం మొదలుపెట్టాడు. ఆయన పోయాక కొడుకులిద్దరూ గొడవపడ్డారు. కంపెనీ, పేరు అన్న ఆర్మాండ్‌కు దక్కాయి. తమ్ముడు రాబర్ట్ 1981లో కెనడాలో వేరు కుంపటి పెట్టి, శాలీ, బిల్లీ, ఆండీ అనే తన పిల్లల పేర్లలోని మొదటి అక్షరాలు రెండేసి చొప్పున కలిపి సేబియన్ అన్నాడు. చూడ్డానికి అచ్చం అర్మేనియన్ ఇంటిపేరు. నీ ఫుట్‌నోట్‌లో "సేబియన్ వంశం" అని రాశావు. అలాంటి వంశం లేదు, సరిదిద్దు. ఇంటిపేరు కోర్టు గొడవలో పోగొట్టుకున్నవాడు, పిల్లల పేర్లతో దాని తోకను మళ్లీ కట్టుకోవడం వ్యాసంలో చివరి మూడో వంతుకు సరిపోయే కథ.

కొత్త ప్రతి రెండు వేల మాటలు దాటకుండా చూడు. పండగ సెలవుల్లో నేను ఊళ్లో ఉండను, ఆ లోపు పంపితే చదివి ఫోన్ చేస్తాను.

ఇట్లు,
మీ మాష్టారు