బీర్ కిట్ కొనేముందు అందులో హైడ్రోమీటర్ ఉందో లేదో చూడండి

మీ ప్రశ్న: అమెరికాలో ఉంటున్నాను, ఇంట్లో బీర్ చేయడం నేర్చుకోవాలని ఉంది, మొదటిసారికి ఏ కిట్ మంచిది?

నేను డాలస్ పక్కన ఉంటాను. ఎనిమిదేళ్లుగా ఇంట్లో బీర్ చేసుకుంటున్నాను. మీరు కిట్ పేరు అడిగారు గానీ నేను ముందు పేరు చూడను. డబ్బా మీద రాసిన సామానులో హైడ్రోమీటర్, అంటే బీర్ పులవడం అయిపోయిందో లేదో చూపించే గాజు పుల్ల, ఉందా అని చూస్తాను. అది లేని కిట్‌ని కొత్తవాళ్లకి అసలు అమ్మకూడదు. ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానో చెప్తాను.

నా మొదటి కిట్ నా పుట్టినరోజుకి మా ఆవిడ కొనిచ్చింది. ఒక గాలన్ గాజు జాడీ, చిన్న చిన్న ప్యాకెట్లు, అందమైన అట్టపెట్టె. హైడ్రోమీటర్ లేదు. రెండు వారాలు పులియనిచ్చి సీసాల్లో పట్టమని చిన్న పుస్తకంలో రాసి ఉంది. డిసెంబర్ చివర్లో మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) కాచి, చల్లార్చి, ఈస్ట్ వేశాను. రెండో రోజుకే జాడీలో నురగ లేచింది. ఆ వారంలోనే సంక్రాంతికి విజయవాడ వెళ్లాం. ఇంట్లో ఎవరూ ఉండరు కదా అని హీటర్ 55 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తగ్గించి వెళ్లాను. అంటే మన లెక్కలో 13 డిగ్రీలు.

మూడు వారాల తర్వాత తిరిగొచ్చి చూస్తే జాడీ కదలకుండా ఉంది. బుడగలు లేవు. రెండు వారాలు దాటింది కాబట్టి అయిపోయిందనుకున్నాను. బీర్‌లో గ్యాస్ పట్టడానికి పుస్తకంలో చెప్పినంత చక్కెర కలిపి తొమ్మిది సీసాల్లో పట్టి, మూతలు బిగించి, బట్టల క్లాజెట్‌లో కింద అరలో పెట్టాను. హీటర్ మళ్లీ 72కి పెంచాం.

పదో రోజు రాత్రి రెండు గంటలప్పుడు పెద్ద చప్పుడు. ఎవరో కిటికీ పగలగొట్టారనుకున్నాం. మా ఆవిడ పాప గదిలోకి పరిగెత్తింది. నేను లైటు వేసేలోపు ఇంకోటి పేలింది. క్లాజెట్ తలుపు సందులోంచి నురగ కారుతోంది. తెరిచి చూస్తే పాప స్కూల్ బూట్ల నిండా గాజు పెంకులు. ఒక పెంకు గోడలో అంగుళం లోతుకి దిగి ఉంది. పొద్దున్నే ఆ అర ముందు కూర్చుని బూట్లు వేసుకునే పిల్లకి అప్పుడు ఐదేళ్లు. ఆ పెంకు ఇప్పటికీ దాచి ఉంచాను. మిగతా ఏడు సీసాల మీద దుప్పటి కప్పి, తెల్లారాక కళ్లద్దాలు, మందపాటి గ్లవ్స్ వేసుకుని ఒక్కొక్కటే బయట గడ్డిలోకి తీసుకెళ్లి మూత తీశాను. ప్రతి సీసా ఫౌంటెన్‌లా ఎగజిమ్మింది.

జరిగింది ఇది. చక్కెరని ఆల్కహాల్‌గా, గ్యాస్‌గా మార్చే ఈస్ట్ చలికి సగంలో పడుకుంది. మాల్ట్‌లోని చక్కెర ఇంకా మిగిలే ఉంది. నేను మూతలు బిగించి, ఇల్లు వెచ్చబెట్టగానే అది లేచి మిగిలిన పనంతా సీసా లోపల చేసింది. గ్యాస్‌కి పోయే దారి లేదు. చలికాలంలో ఇడ్లీ పిండి పొంగదని మా ఇంట్లో ఓవెన్‌లో లైటు వేసి పెడతాం. పిండే పొంగని చలిలో బీర్ మాత్రం క్యాలెండర్ చూసి ఎలా పులుస్తుంది?

హైడ్రోమీటర్ మామూలుగా పదిహేను డాలర్ల లోపే వస్తుంది. నీళ్లని 1.000 అనుకుంటే, చక్కెర వల్ల బీర్ అంతకన్నా ఎంత చిక్కగా ఉందో చూపిస్తుంది. ఈస్ట్ వేసేముందు 1.050 చూపించిందనుకోండి, పులిసే కొద్దీ దిగుతూ 1.010 దగ్గర ఆగుతుంది. మీ రెసిపీ చెప్పిన అంకె దగ్గరికొచ్చి, రెండు మూడు రోజులు కదలకపోతేనే సీసాల్లో పట్టాలి. ఆ రెండు అంకెల తేడాని 131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం కూడా తెలుస్తుంది. ఇక్కడ ఐదు పైచిలుకు.

ఇక కొనేది. ఐదు గాలన్ల ఎక్స్‌ట్రాక్ట్ కిట్ తీసుకోండి, అంటే మాల్ట్ సారాన్ని ముందే తీసి ద్రవంగానో పొడిగానో ఇచ్చేది. హైడ్రోమీటర్‌తో పాటు రెండు ప్లాస్టిక్ బకెట్లు, అందులో ఒకదానికి కుళాయి, ఎయిర్‌లాక్ (గ్యాస్‌ని బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వనిది), మూతలు బిగించే మిషన్, కడగక్కర్లేని శానిటైజర్ ఉంటే చాలు. ఆ బీర్‌తో 12 ఔన్సుల సీసాలు యాభై దాకా నిండుతాయి. రెండున్నర గాలన్లు కాచి, మిగతాది చల్లటి నీళ్లు కలపొచ్చు. అపార్ట్‌మెంట్ కాయిల్ స్టవ్ మీద ఐదు గాలన్లు మరగాలంటే సాయంత్రం అంతా పోతుంది. ద్రవం కన్నా పొడి మాల్ట్ మంచిది, నిల్వ ఉన్నా తొందరగా రంగు మారదు. ఈస్ట్ ప్యాకెట్ మీద తేదీ చూడండి. కార్బాయ్‌లనే పెద్ద గాజు జాడీలు మాత్రం వద్దు. నిండితే బీరే పంతొమ్మిది కిలోలు, తడి చేతుల్లోంచి జారితే ఏమవుతుందో ఊహించుకోండి. వీడియోల్లో మెరిసే స్టీలు ట్యాంకులు చూసి వందల డాలర్లు పెట్టకండి. ఆ డబ్బులో కొంచెం పెట్టి బకెట్‌కి అంటించే థర్మామీటర్ స్టిక్కర్ కొనండి.

ఇంకో మాట, నాకు కోపం తెప్పించేది. నేను బీర్ చేస్తానంటే మనవాళ్లు "కళ్లు పోతాయేమో" అంటారు. అది నాటుసారా, కల్తీ మద్యం కథ. అందులో మిథనాల్ అనే విషం కలిసే ప్రమాదం ఉంది. బీర్ సారాలా ఆవిరి పట్టి దింపేది కాదు, పులియబెట్టేది, మన కల్లులాగే. ఆ భయం ఇక్కడ అక్కర్లేదు. 1978లో అప్పటి అమెరికా అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం వల్ల ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరుంటే 200 గాలన్లు పన్ను లేకుండా చేసుకోవచ్చు. అమ్మకూడదు. సారా దించడం మాత్రం ఈ చట్టం కిందికి రాదు. కిట్ కొని హైదరాబాద్‌లో బావమరిదికి పట్టుకెళ్తానని ఒకాయన నన్ను అడిగారు. దయచేసి ఆ పని చేయకండి, అక్కడ లైసెన్స్ లేకుండా మద్యం తయారు చేయడం ఎక్సైజ్ కేసు.

మీది ఏ ఊరో రాయలేదు. కుళాయి నీళ్లలో క్లోరమైన్ (క్రిములు చావడానికి వేసే మందు) ఉంటే బీర్‌కి ఆసుపత్రి వాసన వస్తుంది, మరిగించినా అది సులువుగా పోదు. దాన్ని పోగొట్టే క్యాంప్‌డెన్ అనే సల్ఫైట్ బిళ్ల నలిపి వేయాలి, ఐదు గాలన్లకి పావు ముక్క సరిపోతుంది. ఊరు చెప్తే మీ నీళ్ల సంగతి కూడా చూసి రాస్తాను.