హెల్పర్ కాంట్రాక్టు మధ్యలో మానేస్తానంటే హాంగ్‌కాంగ్‌లో ఏం చేయాలి

రెండేళ్ల కాంట్రాక్టులో ఎనిమిది నెలలకే హెల్పర్ (ఇంట్లోనే ఉండి పనిచేసే విదేశీ పనిమనిషి) మానేస్తానంది, ఇంట్లో చిన్నపిల్లలున్నారు, మేమిద్దరం ఆఫీసులకు వెళ్లాలి, ఆమెకు ఏమేం ఇవ్వాలి, తనంతట తనే మానేస్తుంటే తిరుగు టికెట్ కూడా మేమే కొనాలా అన్నది మీ ప్రశ్న. కొనాలి. కాంట్రాక్టు ఏడో నిబంధన ప్రకారం కాంట్రాక్టు ఎలా ముగిసినా, ఎవరు ముగించినా, సొంతూరికి పంపే ఖర్చు యజమానిదే. అందరూ తప్పు చేసేది ఇక్కడే. "తనే కదా మానేస్తోంది" అని టికెట్ ఎగ్గొడితే గొడవ లేబర్ డిపార్ట్‌మెంట్ దాకా వెళ్తుంది, అక్కడ మీరు ఓడిపోతారు.

ముందు చివరి రోజు ఏ తేదీయో తేల్చుకోండి. జీతం, సెలవుల డబ్బు, ఇమ్మిగ్రేషన్‌కు తెలపడం, ఆమె హాంగ్‌కాంగ్‌లో ఉండగలిగే గడువు, అన్నీ ఆ తేదీ నుంచే లెక్క. నోటిమాటగా చెప్పినదాన్నో వాట్సాప్ మెసేజీనో పట్టుకుని లెక్కలు మొదలుపెట్టకండి. తేదీ వేసి, సంతకం పెట్టి కాగితం ఇమ్మనండి. రెండు వాక్యాలు చాలు: కాంట్రాక్టు ముగిస్తున్నాను, నా చివరి పనిరోజు ఫలానా. కారణం రాయకపోయినా ఫరవాలేదు. ఆ ఉత్తరం మీరు రాసి ఆమెతో సంతకం మాత్రం పెట్టించకండి. రేపు "బలవంతంగా పెట్టించుకున్నారు" అంటే మీ దగ్గర జవాబు ఉండదు. అందింది అని మీరూ సంతకం చేసి, ఒక ప్రతి ఆమెకివ్వండి.

మానేసే ముందు ఇవ్వాల్సిన నెల నోటీసు అంటే 30 రోజులని చాలామంది అనుకుంటారు. కాదు. మార్చి 10న ఉత్తరం ఇస్తే ఏప్రిల్ 9 చివరి రోజు. జనవరి 31న ఇస్తే ఫిబ్రవరి నెలాఖరు. చట్టప్రకారం వచ్చే వార్షిక సెలవును నోటీసు రోజుల్లో కలపకూడదు. వారానికొక సెలవు రోజు మాత్రం నోటీసు కాలంలోనూ యథాప్రకారం ఇవ్వాల్సిందే.

రేపే వెళ్లిపోతానంటే నోటీసుకు బదులు నెల జీతం ఆమె మీకు ఇవ్వాలి. సగం నోటీసు పనిచేసి వెళ్తే మిగిలిన రోజులకు సరిపడా ఇవ్వాలి. కాగితం మీద అది మీ హక్కే. కానీ ఆమె చేతిలో ఆ డబ్బు ఉండదు. దాన్ని మీ అంతట మీరు జీతంలోంచి కోసుకోవడం మంచిది కాదు, కావాలంటే దావా వేసి అడగాలి. నా మాట వింటే, ఇద్దరూ ఒప్పుకుని నోటీసు కాలం తగ్గించుకుని, ఆ సంగతి కాగితం మీద పెట్టి వదిలేయండి. మనసు విరిగిన మనిషి చేతిలో పసిపిల్లల్ని నెల రోజులు ఉంచడం మీకూ మంచిది కాదు. ఇంకో మాట. ఆమె నోటీసు ఇచ్చాక కోపంలో మీరే "ఇవాళే వెళ్లిపో" అంటే లెక్క తిరగబడుతుంది, మిగిలిన నోటీసు రోజులకు మీరు డబ్బు కట్టాలి.

ఇక లెక్క. చివరి రోజు దాకా జీతం, తిండి భత్యం కింద డబ్బు ఇస్తుంటే అది కూడా ఆ రోజు దాకా, ఇవ్వకుండా మిగిలిపోయిన చట్టబద్ధ సెలవులుంటే వాటికీ. మూడు నెలలు దాటి పనిచేస్తే వార్షిక సెలవు వాటా కూడా వస్తుంది. మొదటి ఏడాదికి 7 రోజులు. 243 రోజులు పనిచేసిందనుకుంటే 7ను 243తో గుణించి 365తో భాగించండి, 4.66 రోజులు వస్తుంది. నెలకు 5,100 హాంగ్‌కాంగ్ డాలర్ల చొప్పున ఎనిమిది నెలలకు 40,800, దాన్ని 243తో భాగిస్తే రోజుకు 167.90. రెండూ గుణిస్తే దాదాపు 782 డాలర్లు. ఈ కాస్త డబ్బు మరిచిపోయి ట్రిబ్యునల్ మెట్లెక్కిన యజమానులున్నారు. దీర్ఘకాల సర్వీసు పరిహారం మీకు వర్తించదు, దానికి కనీసం ఐదేళ్లు పనిచేసి ఉండాలి.

ఏజెన్సీకి మీరు కట్టిన ఫీజు, వీసా ఖర్చు, మెడికల్ పరీక్ష, ఆమె వచ్చినప్పటి టికెట్, ఇవేవీ ఆమె నుంచి రాబట్టుకోలేరు. ఎనిమిది నెలలకే పోతోందన్న బాధ అర్థమవుతుంది, అయినా అవి మీ ఖర్చులే. నిర్లక్ష్యం వల్ల వస్తువు పగిలితే మాత్రం ఒక్కోదానికి 300 డాలర్ల దాకా, అదీ మొత్తం ఆ నెల జీతంలో నాలుగో వంతు మించకుండా కోసుకోవచ్చు.

ఈ మొత్తమంతా చివరి రోజు తర్వాత 7 రోజుల్లోపు చేతికి అందాలి. బ్యాంకు ద్వారా ఇస్తే ఆధారం దానంతట అదే ఉంటుంది. నగదు ఇస్తే పద్దులవారీగా రాసి రసీదు తీసుకోండి: జీతం ఇంత, సెలవులకు ఇంత, ప్రయాణ భత్యం ఇంత. "మొత్తం ముట్టింది" అని ఒక్క ముక్క రాయించుకుంటే చాలదు, తర్వాత ఏది ముట్టిందో ఏది ముట్టలేదో ఎవరూ చెప్పలేరు.

టికెట్‌కు బదులు డబ్బు చేతికివ్వకండి. చెకిన్ బ్యాగేజీ ఉన్న టికెట్ కొని, చివరి రోజుకో మర్నాటికో బుక్ చేయండి. కాంట్రాక్టులో రాసిన సొంతూరి దాకా చేరాలి, రాజధాని దాకా తెచ్చి వదిలితే సరిపోదు. ఊరు ఇంకో ద్వీపంలో ఉంటే లోపలి విమానం లేదా ఓడ ఖర్చు కూడా మీదే. దాంతోపాటు తిండికీ దారి ఖర్చులకూ రోజుకు 100 డాలర్లు.

కాంట్రాక్టు ముగిసిందని ఇమ్మిగ్రేషన్‌కు తెలిపేది ఐడీ 407ఈ ఫారం, అదీ చివరి రోజు నుంచి 7 రోజుల్లోపే పంపాలి. ఆన్‌లైన్‌లో పంపొచ్చు. ఆమె పంపిందిలే అనుకోకండి, తెలపాల్సిన బాధ్యత ఇద్దరికీ వేరువేరుగా ఉంది. కాంట్రాక్టు ముగిశాక ఆమె రెండు వారాలు, లేదా వీసా గడువు, ఏది ముందైతే అంతవరకే ఉండగలదు. ఆ ఫారంలో కారణం దగ్గర జాగ్రత్త. చాలామంది హెల్పర్లు "డబ్బు ఇబ్బంది వల్ల మేమే తీసేశామని రాయండి మేడమ్" అని బతిమాలతారు. యజమాని ఆర్థిక ఇబ్బంది, వలస వెళ్లడం, బదిలీ, మరణం, లేదా ఆమెను హింసించినట్టు ఆధారం ఉంటే తప్ప, కాంట్రాక్టు మధ్యలో దేశం వదలకుండా యజమానిని మార్చుకోవడానికి మామూలుగా అనుమతి రాదు. ఆమె అలా అడిగేది అందుకే. జాలిపడి అబద్ధం రాస్తే అది నేరం. పైగా నెల తిరక్కుండా మీరే కొత్త హెల్పర్‌కు దరఖాస్తు పెడితే "డబ్బు లేదన్నారుగా" అని అడుగుతారు.

మీరు అడగని సంగతి ఒకటి. ఎందుకు మానేస్తోందో కనుక్కున్నారా? తరచూ కారణం అప్పో, ఊళ్లో తల్లి ఆరోగ్యమో, రాత్రిళ్లు బిడ్డతో నిద్రలేకపోవడమో అయి ఉంటుంది. చివరిది అయితే పడక గది మారిస్తే తీరేదే. ఇచ్చిన నోటీసు వెనక్కి తీసుకోవాలంటే మీ ఒప్పుదల కావాలి, అదీ రాతలోనే. జీతం పెంచి ఆపడం మీద నాకు నమ్మకం లేదు, రెండు నెలలకు మళ్లీ ఇదే కాగితం వస్తుంది. అప్పు అయితే వడ్డీ కంపెనీల నుంచి మీ ఇంటికే ఫోన్లు రావొచ్చు. మీరు హామీ సంతకం పెట్టకపోతే ఒక్క సెంటు కట్టక్కర్లేదు, "ఇక్కడ పనిచేయడం లేదు" అని చెప్పి పెట్టేయండి.

పాస్‌పోర్టు, ఐడీ కార్డు ఆమెవి, ఒక్క రోజు కూడా మీ దగ్గర ఉంచకండి. తాళాలు, బిల్డింగ్ కార్డు, మీరు కొనిచ్చిన సిమ్ తీసుకోండి. బడి బస్సు దగ్గర పిల్లల్ని తీసుకెళ్లేవాళ్ల జాబితాలోంచి ఆమె పేరు తీయించండి, బడి వాట్సాప్ గ్రూపులోంచీ.

కొత్త మనిషికి వారాలు పడుతుంది కాబట్టి నోటీసు అందిన రోజే ఏజెన్సీకి ఫోన్ చేసి, మీ ఒప్పందంలో ఉచితంగా మార్చి ఇచ్చే గడువు ఎంతో చూడండి. ఎనిమిది నెలలకు అది చాలావరకు దాటిపోయి ఉంటుంది, అయినా ఫీజులో బేరమాడే వీలుంటుంది. ఈ మధ్య కాలానికి స్నేహితుల హెల్పర్‌ను అడిగి తెచ్చుకోకండి. కాంట్రాక్టులో ఉన్న యజమానికి తప్ప ఇంకెవరికి పనిచేసినా ఆమెకూ మీకూ కేసే. స్థానికంగా పనిచేసే హక్కున్న పార్ట్‌టైమ్ మనిషిని పెట్టుకోండి, అమ్మమ్మనో నానమ్మనో రప్పించగలిగితే వాళ్ల విజిట్ వీసా దరఖాస్తు ఈ వారమే పెట్టండి. హెల్పర్ కోసం తీసుకున్న ఇన్సూరెన్స్ పాలసీని చివరి రోజు దాటేవరకు రద్దు చేయకండి. తర్వాత కొత్త హెల్పర్ పేరుకు మారుస్తారేమో అడగండి, కొన్ని కంపెనీలు మారుస్తాయి.