ఇంటర్న్‌షిప్ వచ్చిందని ప్రోనోటు రాయకండి మాస్టారూ

తెనాలి నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు రాశారు. వాళ్లమ్మాయి 2021లో అమెరికా వెళ్లి క్లినికల్ సైకాలజీలో డాక్టరేట్ చేస్తోంది, పిల్లల సైకాలజీ వైపు. పోయినేడు ఇంటర్న్‌షిప్ మ్యాచ్ (విద్యార్థులకీ ఆస్పత్రులకీ జత కుదిర్చే పద్ధతి) కాలేదు, ఈ ఫిబ్రవరిలో అయింది, ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో ఒక పిల్లల ఆస్పత్రి, జూలైలో చేరాలి, ఏడాదికి 38,000 డాలర్ల స్టైపెండ్. ఊరు మారడానికి, సెకండ్‌హ్యాండ్ కారుకి కలిపి 8 లక్షలు పంపాలనుకుంటున్నారు. 6 లక్షల ఎఫ్‌డీలున్నాయి కానీ వాటిని కదిలించడం ఇష్టం లేదట, తెలిసినాయన ప్రోనోటు మీద రెండు రూపాయల వడ్డీకి ఇస్తానన్నాడట. ఎలాగూ జీతం మొదలవుతోంది కదా, ఏడాదిలో అమ్మాయే తీర్చేస్తుంది, తీసుకోమంటారా అని అడుగుతున్నారు.

వద్దండి. ఇలాంటి ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి, అక్కడ పిల్లలకి ఇంటర్న్‌షిప్ రాగానే ఇక్కడ పెద్దవాళ్లు అప్పు వెతకడం మొదలుపెడతారు. ఇంజినీరింగ్ పిల్లల్ని చూసి చూసి ఇంటర్న్‌షిప్ తర్వాత ఆఫర్ లెటరే అని మనకి అలవాటైపోయింది. ఇది అలాంటిది కాదు మాస్టారూ. ఇది డిగ్రీలోనే ఒక భాగం, సుమారు 2,000 గంటల ట్రైనింగ్, సీనియర్ల పర్యవేక్షణలో ఆటిజం అసెస్‌మెంట్లు, ఐక్యూ టెస్టులు, పిల్లలకి థెరపీ, తల్లిదండ్రులకి ట్రైనింగ్, ఇవన్నీ చేస్తే తప్ప డాక్టరేట్ చేతికి రాదు. ఆ తర్వాత కూడా చాలామందికి ఇంకో ఏడాది పోస్ట్‌డాక్ (డాక్టరేట్ తర్వాతి ట్రైనింగ్), లైసెన్స్ పరీక్ష ఉంటాయి. మీరనుకునే జీతం అప్పటిది.

38,000ని 90తో గుణించి 34 లక్షలు అనుకుని ఉంటారు. అక్కడ లెక్క చూడండి. నెలకి 3,166 డాలర్లు. మీ అమ్మాయి వెళ్లి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు దాటాయి కాబట్టి స్టూడెంట్ వీసా మీద ఇన్నాళ్లూ లేని సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (అక్కడి పెన్షన్, పెద్దవాళ్ల వైద్యం పథకాలు) కోత ఇప్పుడు పడుతుంది, అదే 7.65 శాతం. ఫెడరల్ ట్యాక్స్, ఒహాయో ట్యాక్స్ వేరు, కొలంబస్ సిటీ ట్యాక్స్ ఇంకో 2.5 శాతం. అన్నీ పోను చేతికొచ్చేది 2,600 దగ్గర. అద్దె, తిండి, ఫోన్, ఇన్సూరెన్స్ పోతే 300 మిగిలితే గొప్ప. మీ 8 లక్షలు వడ్డీతో సహా ఏడాదిలో తీరాలంటే ఆ పిల్ల నెలకి 900 డాలర్ల పైనే పంపాలి. ఎక్కణ్ణుంచి తెస్తుంది? తనకి వచ్చేది ఆ ఆస్పత్రి పేరు మీద ఇచ్చే సీపీటీ, అంటే చదువులో భాగంగా పని చేసే అనుమతి, సాయంత్రం పూట బయట ఇంకో పని చేసుకోవడానికి వీసా ఒప్పుకోదు. తను పంపలేకపోతే నెలనెలా 16,000 వడ్డీ మీ పెన్షన్‌లోంచే పోతుంది, ఏడాదికి 1,92,000, అసలు మాత్రం అలాగే ఉంటుంది. రెండు రూపాయలంటే 24 శాతం మాస్టారూ, లెక్కలు చెప్పినవాళ్లు మీరు, 7 శాతం ఎఫ్‌డీని దాచుకుని 24 శాతానికి అప్పు తెస్తారా!

ఉత్తరంలో నాకు అన్నిటికంటే భయం వేసింది ఏంటంటే, అమ్మాయి దగ్గర అత్యవసరానికంటూ ఒక్క డాలర్ కూడా విడిగా లేదు, ఆ మాట మీరు చివర్లో మామూలుగా రాసేశారు. ఈ ఇంటర్న్‌షిప్‌కి ముందూ వెనకా జీతం లేని రోజులు రెండు చోట్ల వస్తాయి. మొదటిది చేరేటప్పుడు, డిపాజిట్, మొదటి నెల అద్దె ముందే కట్టాలి, మొదటి చెక్ మాత్రం పని చేశాకే. రెండోది వచ్చే ఏడాది ఇంటర్న్‌షిప్ అయ్యాక, ఓపీటీ (చదువయ్యాక పని చేసే అనుమతి) కార్డు చేతికొచ్చేదాకా పోస్ట్‌డాక్‌లో చేరడానికి లేదు, ఆ కార్డుకి నెలలు పట్టొచ్చు. పైగా ఫుల్‌టైమ్ సీపీటీ పన్నెండు నెలలు నిండితే ఆ డిగ్రీ మీద ఓపీటీయే ఉండదు, అందుకని తేదీల విషయం యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోమనండి. మూడు నెలల ఖర్చు, అంటే 7,000 డాలర్లు, అక్కడే, డాలర్లలోనే, ముట్టుకోని సేవింగ్స్ అకౌంట్లో ఉండాలి. తెనాలిలో ఉన్న ఎఫ్‌డీ కొలంబస్‌లో రేపు కట్టాల్సిన అద్దెకి పనికిరాదు.

కాబట్టి ఎఫ్‌డీల్లో 4 లక్షలు తీసి పంపండి, వడ్డీలో కొంత కోత పడితే పడనివ్వండి. అందులో ఊరు మారే ఖర్చు పోగా మిగిలిందంతా ఆ అకౌంట్లోకే, 7,000 అయ్యేదాకా స్టైపెండ్‌లోంచి నెలకి 200, 300 కలుపుకోమనండి. మిగతా 2 లక్షలు మీకూ మేడమ్‌గారికీ, అది ఎవరడిగినా తియ్యకండి, అమ్మాయి అడిగినా సరే. కారు ఇప్పుడొద్దు. దూరంగా ఉన్న క్లినిక్కులకి వెళ్లాల్సి ఉంటుందా అని ట్రైనింగ్ డైరెక్టర్‌ని అడిగి, లేకపోతే ఆస్పత్రి దగ్గర్లో రూమ్మేట్‌తో ఇల్లు చూసుకోమనండి.

బంగారం లోన్ ప్రోనోటు కంటే నయమే, అయినా అవసరం లేదు. క్రెడిట్ కార్డు జీరో వడ్డీ ఆఫర్ గడువు దాటితే కొరివే. యూనివర్సిటీలో వడ్డీ లేని ఎమర్జెన్సీ లోన్ ఉందేమో కనుక్కోవచ్చు. యూనివర్సిటీ హెల్త్ ఇన్సూరెన్స్ ఏ రోజు ఆగుతుందో, ఆస్పత్రిది ఏ రోజు మొదలవుతుందో రాసుకోమనండి, మధ్యలో ఒక్క వారం ఖాళీ ఉన్నా విడిగా కొనాల్సిందే.

ఇంకోటి, మీరు అడగలేదు కానీ. మీ ఎడ్యుకేషన్ లోన్ శాంక్షన్ లెటర్‌లో కోర్సు 2026లో అయిపోతుందని ఉంది, ఆపైన ఏడాది మారటోరియం (ఈఎంఐ కట్టక్కర్లేని గడువు). అంటే ఈఎంఐ 2027లో, సరిగ్గా అమ్మాయి చేతిలో జీతం లేని ఆ నెలల్లోనే మొదలవుతుంది. మ్యాచ్ కాకపోవడం వల్ల కోర్సు ఏడాది పెరిగింది కాబట్టి యూనివర్సిటీ నుంచి కొత్త పూర్తి తేదీతో లెటర్ తెప్పించుకుని బ్యాంకులో పొడిగింపుకి అర్జీ పెట్టండి. నోటిమాటగా సరేనంటే ఊరుకోకండి, కొత్త తేదీ కాగితం మీద రాయించుకుని రండి.