మైకా ఫ్యాక్టరీలో ఆశ్రమం పెడతానంటున్న మా అల్లుడికి

అల్లుడూ,

సైదాపురం దగ్గర మూతపడ్డ మైకా (అభ్రకం) ఫ్యాక్టరీ, దాని వెనకున్న గని గుంటతో సహా కొని, మీ భజన మండలి వాళ్లంతా అక్కడే ఉండి మందులు కొట్టని సేద్యం చేసుకుంటూ ఆశ్రమంలా బతకాలనుకుంటున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మంచిదే. మైకా కంపెనీలో పద్దులు రాశాను, ఆ తర్వాత ఒక ఆశ్రమం కట్టుబడి పనులు చూశాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా. విగ్రహం ఏ మూల పెట్టాలని వాస్తు ఆయన్ని ఇప్పుడే పిలవొద్దు, ముందు డంపు సంగతి చూడు.

గనిలోంచి తీసి పనికిరాదని పారబోసిన ఆ గుట్ట మీద ఈపాటికి సర్కారు తుమ్మ కమ్మేసి ఉంటుంది. చూడగానే జేసీబీ పెట్టి మొత్తం పీకించాలనిపిస్తుంది, అందరూ చేసేది అదే. కానీ ఆ గుట్ట జారకుండా పట్టుకున్నది ఆ ముళ్ల చెట్ల వేళ్లే. మన నెల్లూరు వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, ఒక్క వాయుగుండం వచ్చిందంటే రాతిపొడి, అభ్రకం పొరలు అన్నీ కొట్టుకెళ్లి కింద చెరువులో పడతాయి, ఆయకట్టు రైతులు మీ గేటు ముందు కూర్చుంటారు. వాలుకు అడ్డంగా రాళ్ల కట్టలు వేయించి కానుగ, వేప నాటండి, అవి నిలదొక్కుకున్నాక తుమ్మను కాస్త కాస్త కొట్టుకుంటూ రండి.

ఆ గుట్టలో తెల్లరాయి, అంటే క్వార్ట్జ్, కూడా ఉంటుంది. దానికి రేటొచ్చాక ఆ మండలంలో ఎంత రచ్చయిందో నీకు తెలియంది కాదు. గుట్ట చదును చేస్తున్నామని మీరు ఒక్క ట్రాక్టరు బయటికి పంపినా, దేవుడి పేరు చెప్పి రాయి తోలుకుంటున్నారని ఊరంతా అనుకుంటుంది. నేనున్నా అలాగే అనుకుంటా. మైన్స్ వాళ్ల అనుమతి లేకుండా గులకరాయి కూడా గేటు దాటకూడదు.

షెడ్డు పైన ఉన్నవి పాత సిమెంటు రేకులు, అంటే ఆస్బెస్టాస్. సేవ చేస్తామని వచ్చిన కుర్రాళ్లను సుత్తులిచ్చి పైకెక్కించొద్దు. ఎండకు పెళుసెక్కిన రేకు కాలు పెడితే విరుగుతుంది, విరిగినప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే రోగం ఎన్నో ఏళ్లకు బయటపడుతుంది. బాగా నీళ్లు చల్లి, రేకుల్ని పట్టి ఉంచే జే బోల్టులు కోసి, రేకు పగలకుండా దించగలిగే మేస్త్రినే పెట్టు. ఖర్చవుతుంది, కానీ ముఖద్వారం కంటే ముందు పెట్టాల్సిన ఖర్చు ఇది.

గుంటలో నీళ్లు అద్దంలా ఉన్నాయని కోనేరు చేసేయకండి. అంచులు విరిగిపడతాయి, లోతు తెలియదు, ముందు కంచె వేయించు. తాగడానికైతే బోరు నీళ్లు ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబులో చూపించండి. కనిగిరి వైపు ఫ్లోరైడుతో జనం నడుములు ఎలా వంగిపోయాయో మనకు తెలుసు, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు వద్దు.

ఇక దేవుడి విషయం. అలాంటి చోట పనివాళ్లు కొలిచిన అమ్మవారి రాయి ఒకటి ఏ వేపచెట్టు కిందో ఉండే ఉంటుంది, దసరాకి ఆయుధపూజ చేసి అక్కడే కొబ్బరికాయ కొట్టేవాళ్లు. దాన్ని కదపకండి. అభ్రకం చీల్చిన ఆడవాళ్లు ఆ పల్లెల్లో ఇంకా ఉన్నారు, వాళ్లను పిలిచి మొదటి పొంగలి వాళ్లచేతే పెట్టించండి. పల్లిపాడు ఆశ్రమం చూసిరా, 1921లో గాంధీగారు ప్రారంభించింది. పెన్న ఒడ్డున అంత పేరున్న చోట ఎంత తక్కువ కట్టారో చూడు. ఇక్కడ ఫ్యాక్టరీ గోడలున్నాయి, అవి చాలు మీకు.

హుండీ పెట్టి నలుగురినీ రానిస్తే 1987 నాటి దేవాదాయ చట్టం గుర్తుపెట్టుకో, ఆ చోటు దేవాదాయ శాఖ కిందికి రావొచ్చు, లాయరును అడక్కుండా పెట్టొద్దు. ఆశ్రమాన్ని సొసైటీగా రిజిస్టరు చేయాలంటే ఏడుగురు కావాలి, ఆ ఏడుగురిలో అన్నదమ్ములు, బావమరుదులే ఉంటే నాలుగేళ్లకు కోర్టులో తేలతారు.

అన్నిటికంటే ముందు, గని నేల ప్రభుత్వానిదైతే లీజు ముగిశాక దాన్ని అమ్మే హక్కు కంపెనీకి ఉండదు. షెడ్డు అమ్ముతూ గుంట కూడా నీదే అంటారు, నమ్మకు. ఆ నేల మీద ఏయే లావాదేవీలు జరిగాయో చూపే ఈసీ తీయించి, సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల్లో, ఉందేమో చూసి, ఆ కాగితాలు నాకు వాట్సాప్ చెయ్యి. అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వొద్దు.

మీ మామయ్య