చిన్నోడి చెయ్యి గురించి మేనల్లుడికి

విజయనగరం

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

మీ చిన్నోడు బేస్‌బాల్‌లో జిల్లా జట్టుకి పిచర్‌గా, అంటే బ్యాటర్‌కి బంతి విసిరేవాడిగా, ఎంపికయ్యాడని నువ్వు ఫోన్‌లో చెబుతుంటే సంతోషం వేసింది. కానీ పెట్టేసే ముందు, "వారం నుంచి మోచెయ్యి లాగుతోందంటున్నాడు మావయ్యా, ఏటీ కాదు కదా" అన్నావు చూడు, అప్పటి నుంచి మనసు అక్కడే ఉంది. పీడీగా, అంటే స్కూల్లో ఆటల మాస్టారుగా, పనిచేసి రిటైరైనవాణ్ణి కదా, పిల్లల చేతుల మీదకే కళ్ళు పోతాయి. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను.

ముందు నొప్పి మోచేతికి ఎటువైపో చూడు. అరచెయ్యి పైకి పెట్టి చెయ్యి చాపమను. ఒంటికి దగ్గరగా ఉండే వైపు ఎముక బొడిపెలా తగులుతుంది. అక్కడ వేలితో నొక్కితే వాడు "అబ్బా" అన్నాడంటే ఆ రోజు నుంచే బంతి పక్కన పెట్టించు. రెండు చేతులూ పక్కపక్కన చాపమను. విసిరే చెయ్యి రెండోదానిలా తిన్నగా రాకపోతే అదీ గుర్తే. ఆలస్యం చెయ్యకుండా శ్రీకాకుళంలో ఎముకల డాక్టరుకి చూపించు. వాడికి పదిహేనేళ్ళే. ఎముక ఇంకా పెరుగుతూ ఉంటుంది, ఆ పెరిగే చోటు పూర్తిగా గట్టిపడదు. గట్టిగా విసిరిన ప్రతిసారీ లోపలివైపు లిగమెంటు, అంటే ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీ, ఆ చోటుని గుంజుతుంది. పెద్దవాళ్ళకైతే లిగమెంటు దెబ్బతింటుంది, పిల్లలకి చాలాసార్లు ఎముక పెరిగే చోటే ముందు దెబ్బతింటుంది. అందుకని "ఒక మాత్ర వేసేస్తే ఈ మ్యాచ్ లాగించేస్తాడు" అని ఎవరు చెప్పినా వినకు. మాత్రతో నొప్పి తెలియదు గానీ లోపల గుంజుడు గుంజుడే.

1974లో అమెరికాలో టామీ జాన్ అనే పిచర్‌కి ఈ లిగమెంటే తెగింది. ఫ్రాంక్ జోబ్ అనే డాక్టరు అతని రెండో చేతి నుంచి టెండన్, అంటే కండని ఎముకకి కలిపే తాడు లాంటిది, తీసి దెబ్బతిన్న మోచేతిలో అమర్చాడు. 1976లో అతను మళ్ళీ మైదానంలోకి వచ్చి, ఆ తర్వాత ఏకంగా 164 మ్యాచ్‌లు గెలిచాడు. ఇప్పుడు ఆ ఆపరేషన్‌కి అతని పేరే పెట్టారు. ఈ కథ విని, తెగితే కుట్టించేసుకోవచ్చులే అనుకునేవాళ్ళు ఉన్నారు. అది చేయించుకున్నాక మళ్ళీ పిచింగ్‌కి రావడానికి ఏడాదో, అంతకంటే ఎక్కువో పడుతుంది. వచ్చినవాళ్ళందరూ పాత వేగం అందుకోలేరు. పదో తరగతి పిల్లాడికి అదంతా ఎందుకు చెప్పు?

సరే, డాక్టరు ఆడొచ్చన్నాక సంగతి. రెండొందల పేజీల నోట్‌బుక్ ఒకటి కొను. మ్యాచ్‌లో వాడు వేసిన ప్రతి బంతికీ ఒక గీత పెట్టు. ఇన్నింగ్స్ లెక్క పెట్టుకోకు, దాంతో మోసపోతాం. బేస్‌బాల్‌లో అవతలి జట్టువాళ్ళు ముగ్గురు అవుటైతే పిచర్‌కి ఒక ఇన్నింగ్స్ అయినట్టు. ఒక ఇన్నింగ్స్ పది బంతుల్లో అయిపోవచ్చు, మరోటి ముప్ఫై దాటినా అవకపోవచ్చు. అమెరికాలో పిల్లల కోసం నడిపే లిటిల్ లీగ్ వాళ్ళు కూడా 2007 నుంచి ఇన్నింగ్స్ లెక్క మానేసి బంతుల లెక్కకే వచ్చారు. ఆ తర్వాత 2014లో అక్కడి మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి పిచ్ స్మార్ట్ పేరుతో వయసుల వారీగా హద్దులు పెట్టాయి. చిన్నోడి వయసుకి, అంటే 15, 16 ఏళ్ళకి, రోజుకి 95 బంతులు మించకూడదు. 30 లోపు వేస్తే మర్నాడు వెయ్యొచ్చు. 31 నుంచి 45 అయితే ఒక రోజు, 46 నుంచి 60 అయితే రెండు రోజులు, 61 నుంచి 75 అయితే మూడు రోజులు, 76 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే నాలుగు రోజులు పిచింగ్ బంద్. ఇది నోట్‌బుక్ అట్ట లోపల రాసి పెట్టుకో.

95 అన్నది ఆఖరి గట్టు, అక్కడిదాకా తీసుకెళ్ళి తీరాలని కాదు. అలసిన చెయ్యి అంతకు ముందే చెబుతుంది. బంతులు వరసగా ఎత్తుగా పోతుంటాయి. విసిరేటప్పుడు మోచెయ్యి భుజం కిందకి జారుతుంది. బంతికీ బంతికీ మధ్య చెయ్యి విదిలిస్తాడు, టోపీ సర్దుకుంటాడు, బూటు లేసు కట్టుకుంటాడు. అది కనబడితే 50 బంతుల దగ్గరైనా సరే దింపేయాలి. 2006లో అమెరికాలో ఆపరేషన్ అయిన కుర్ర పిచర్లనీ, ఏ దెబ్బా తగలనివాళ్ళనీ పోల్చి చూశారు. చెయ్యి అలసినా తరచూ వేస్తూ పోయినవాళ్ళకి ఆపరేషన్ దాకా వెళ్ళే ముప్పు 36 రెట్లు ఎక్కువని తేలింది. నాకు ఆ పట్టిక కన్నా ఇదే ముఖ్యం.

కర్వ్ బాల్, అంటే గాలిలో వంకర తిరిగే బంతి, నేర్పించొద్దని ఎవరో అన్నారని అడిగావు. మెలి తిప్పడం వల్లే మోచెయ్యి పోతుందని చాలామంది నమ్మకం. ల్యాబ్‌లో కొలిచిన చోట ఫాస్ట్‌బాల్ కన్నా అది మోచేతిని ఎక్కువ కష్టపెడుతున్నట్టు తేలలేదు. అయినా ముందు ఫాస్ట్‌బాల్, అదే ఊపుతో నెమ్మదిగా వేసే చేంజప్ కుదురుకోనీ. తొందరేముంది?

నోట్‌బుక్‌లోకి రాని బంతులు కూడా ఉంటాయి, నాకు వాటితోనే ఎక్కువ టెన్షన్. మ్యాచ్‌కి ముందు వేసేవి, సాయంత్రం వీధి గోడకేసి కొట్టేవి, సంక్రాంతికి ఊళ్ళో జరిగే టెన్నిస్ బాల్ క్రికెట్ టోర్నమెంటులో బౌండరీ దగ్గర నుంచి కీపర్‌కి విసిరేవి. చేతికి బేస్‌బాల్, క్రికెట్ అని తేడా ఉండదు. పండగపూట ఆడొద్దంటే నీ మాట వినడు, నాకు తెలుసు. ఆడనీ, కానీ స్లిప్‌లో నిలబడమను, బౌలింగ్ వద్దను. ఇంకొకటి, పిచింగ్ దిగినవాణ్ణి అదే మ్యాచ్‌లో క్యాచర్‌గా, అంటే బ్యాటర్ వెనక బంతి పట్టేవాడిగా, కూర్చోబెట్టకూడదు. పిచర్ తర్వాత ఎక్కువ విసిరేది క్యాచరే. ఫస్ట్ బేస్‌లో పెడితే చెయ్యి కాస్త కుదుటపడుతుంది.

ఇక మీ పీడీ సార్‌తో మాట్లాడ్డం. నువ్వు మొహమాటస్తుడివని తెలుసు. "గుంటడికి సర్టిఫికెట్ వస్తే స్పోర్ట్స్ కోటాలో పనికొస్తుంది, ఆయన్ని కాదంటే పక్కన పెట్టేస్తారేమో" అని నీ భయం. టోర్నమెంటులో ఒకేరోజు రెండు మ్యాచ్‌లు పడతాయి, గెలిపించేవాడు ఒక్కడే ఉంటాడు, ఆయన మాత్రం ఏం చేస్తాడు? తప్పు పట్టినట్టు మాట్లాడకు. టోర్నమెంటుకి ముందే, గ్రౌండ్ ఖాళీగా ఉన్నప్పుడు వెళ్ళి, "సార్, బంతుల లెక్క నేను రాస్తాను, మీకు పని తగ్గుతుంది, 75 దగ్గర ఒక సైగ చేస్తాను" అను. డాక్టరు చీటీ జేబులో ఉంచుకో. వీలైతే ఇంకో ఇద్దరు పిల్లల్ని పిచింగ్‌కి తయారుచెయ్యమని అడుగు. అది చిన్నోడికీ మంచిది, జట్టుకీ మంచిది. అన్నీ చెప్పినా ఆయన కుదరదంటే, ఆ ఒక్క మ్యాచ్‌కి మావోడు రాడని చెప్పి వచ్చేయ్. పోతే ఒక మ్యాచ్ పోతుంది.

మీ ఆమదాలవలస పక్క ఊసవానిపేట నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. అంత బరువు ఎవరూ రోజూ ఎత్తరు. ఈ మాట మన పిల్లలకి బరువుల విషయంలో ఇట్టే అర్థమవుతుంది, బంతి చేతిలో ఉంటే మాత్రం అర్థం కాదు. ఏడాదిలో కనీసం నాలుగు నెలలు పిచింగ్ ఉండకూడదు, అందులో రెండు మూడు నెలలు వరసగా బంతి విసరడమే ఉండకూడదు. సంక్రాంతి వెళ్ళాక ఎలాగూ పదో తరగతి పరీక్షలు, ఆ వెనకే ఎండలు. ఆ నెలలు దీనికే వదిలెయ్. సమ్మర్ క్యాంపులో చేర్పిస్తానన్నావు, ఈసారికి మానెయ్. ఈత కొట్టనీ, పొద్దున్నే పరుగెత్తనీ. విసిరే బలం సగానికి సగం కాళ్ళ నుంచి, నడుము నుంచే రావాలి.

భుజం గట్టిపడ్డానికి ఒక కసరత్తు చెబుతాను. పాత సైకిల్ ట్యూబు గట్టి కిటికీ ఊచకి కట్టు. మోచెయ్యి పక్కటెముకలకి ఆనించి, ట్యూబు చివర పట్టుకుని ముంజేతిని మెల్లగా బయటికి తిప్పి, మెల్లగా వెనక్కి రానివ్వాలి. మధ్యలో మోచెయ్యి పక్క నుంచి జారకుండా చంకలో చిన్న తువ్వాలు పెట్టమను, జారితే కిందపడి తెలిసిపోతుంది. నొప్పి పూర్తిగా తగ్గి, డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టించు. మ్యాచ్ రోజు ముందు నాలుగు రౌండ్లు పరుగెత్తి ఒళ్ళు వేడెక్కాకే బంతి ముట్టుకోవాలి.

ఆఖరిగా, మా అక్క ఆవనూనె వేడి చేసి మనవడి మోచెయ్యి గట్టిగా రుద్దుతోందని కోడలు చెప్పింది. నొప్పి ఉన్నచోట అలా రుద్దించొద్దు, కట్టు కట్టేవాళ్ళ దగ్గరికీ తీసుకెళ్ళొద్దు. నువ్వు చెబితే మీ అమ్మ వినదు, ఆదివారం నేనే ఫోన్ చేస్తాను. అప్పటికి డాక్టరు ఏమన్నాడో కనుక్కుని ఉంచు.

మీ మావయ్య