ఎడారి నుంచి కొండలకు ఆర్‌వీ దారి వేసుకునే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు పంపిన ప్రయాణ పట్టికను రెండుసార్లు చదివాను. జూన్ చివరి వారంలో లాస్ వేగాస్‌లో 30 అడుగుల ఆర్‌వీని, అంటే పడకలూ వంటగదీ ఉన్న ఇల్లులాంటి బండిని, అద్దెకు తీసుకుని, యూటాలోని జయాన్, బ్రైస్ కాన్యన్ పార్కులు చూసి వెనక్కి వచ్చి, డెత్ వ్యాలీ ఎడారి మీదుగా సియెరా నెవాడా పర్వతాలు దాటి యోసెమిటీ పార్కు చేరాలన్న నీ ఆలోచన చాలా మంచిది. ఆ ప్రదేశాలను మీరందరూ చూడాలని నాకూ ఎంతో కోరికగా ఉంది. అయితే నీవు ప్రతి రోజుకూ మైళ్ళు రాశావు గాని, ఎత్తు మాత్రం ఒక్కచోటా రాయలేదు. ఎడారినీ కొండలనూ ఒకే ప్రయాణంలో కలిపినప్పుడు ఇంజను ఎంత లాగుతుందో, బ్రేకులు ఎంత వేడెక్కుతాయో, రాత్రి నిద్ర పడుతుందో లేదో, అసలు రోడ్డు తెరిచి ఉంటుందో లేదో తేల్చేది ఎత్తే. అందువల్ల మైళ్ళ పక్కన ఇంకొక గడి గీసి, ఆ రోజు బయలుదేరే చోటు, దాటే కనుమ, రాత్రి ఆగే చోటు ఎంతెంత ఎత్తులో ఉన్నాయో రాసుకో.

ఎందుకు చెబుతున్నానో నీ పట్టికలోని ఒక్క రోజును చూస్తే తెలుస్తుంది. డెత్ వ్యాలీలోని ఫర్నేస్ క్రీక్ నుంచి లోన్ పైన్‌కు నూరు మైళ్ళ పైచిలుకు దూరమని, రెండు గంటల్లో వెళ్ళిపోతామని రాశావు. ఫర్నేస్ క్రీక్ సముద్రమట్టానికి 190 అడుగుల దిగువన ఉంది. అక్కడి నుంచి 190వ నంబరు రోడ్డు మీద స్టోవ్‌పైప్ వెల్స్ దాటిన తరువాత, 20 మైళ్ళు కూడా గడవక ముందే 4,956 అడుగుల టౌన్ పాస్ ఎక్కాలి. ఎక్కినదంతా అయిపోయిందనుకుంటే పొరపాటు. అవతల పానమింట్ లోయలోకి నిట్టనిలువుగా దిగి, మళ్ళీ ఇంకొక కొండ ఎక్కాలి. కారుకు ఇది లెక్కలోనిది కాదు గాని, కుటుంబాన్నీ నీళ్ళనూ సామానునూ మోసే బండికి ఒక పూట పని. పైగా టర్బో (ఇంజనులోకి గాలిని ఒత్తి పంపే పరికరం) లేని ఇంజను ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ సుమారు 3 శాతం బలం కోల్పోతుంది. జనరేటర్ కూడా అంతే. అందుచేత ఎంత ఎక్కితే అంత నిదానంగా వెళ్ళాలని ముందే అనుకో, ఇంజను వేడిని చూపే ముల్లు పైకి జరిగితే ఏసీ కట్టేసి, కుడివైపు వెడల్పుగా ఉన్నచోట ఆగిపో.

ఎక్కడం కంటే దిగడం గురించే నాకు ఎక్కువ ఆందోళన. చాలా ఏళ్ళ కిందట అదే టౌన్ పాస్ దిగుతూ నేను పెడలు మీద కాలు తీయకుండా వచ్చాను. సగం దూరంలో కాలిన వాసన మొదలైంది, మరికొంత సేపటికి పెడలు మెత్తగా లోపలికి దిగిపోసాగింది. అదృష్టం కొద్దీ రోడ్డు పక్కన చోటు దొరికింది, చక్రాలు చల్లబడేదాకా గంటకు పైగా అక్కడే కూర్చున్నాము. ఆ రోజు వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలను నేను మరచిపోలేను. కనుక దిగుడు మొదలయ్యే ముందే, పైననే, బండిని చిన్న గేరులోకి మార్చుకో. ఇంజనే బండిని పట్టి ఉంచాలి. వేగం మితిమీరినప్పుడు బ్రేకును గట్టిగా ఒకసారి నొక్కి వేగం తగ్గించి వదిలెయ్యి, మెల్లగా నొక్కి పట్టుకుని మాత్రం ఉండవద్దు. వెనక బండ్లు బారులు తీరితే పక్కకు జరిగి దారి ఇవ్వు, వాళ్ళ తొందర నీ తొందర కాకూడదు.

ఇదే కారణంగా దారి ఏ దిక్కు నుంచి వేసుకోవాలన్నది కూడా ఆలోచించాలి. 9,943 అడుగుల టయోగా పాస్‌కు తూర్పున, లీ వైనింగ్ వైపు, రోడ్డు చాలా ఏటవాలు. పడమటి వైపు దిగుడు పొడవైనదే గాని నెమ్మదైనది. నీవు తూర్పు నుంచి ఎక్కి పడమటికి దిగేలా వేసుకున్నావు. అది సరైన దిక్కు, మార్చవద్దు. అయితే యోసెమిటీ దాటి 120వ నంబరు మీద ఇంకా పడమటికి వెళ్ళేటప్పుడు ఓల్డ్ ప్రీస్ట్ గ్రేడ్ అనే బాగా ఏటవాలైన దగ్గరదారిని ఫోన్ చూపించవచ్చు. ఎంత ఆలస్యమైనా దానిలోకి తిరగవద్దు, మెలికలు తిరిగే కొత్త దారిలోనే వెళ్ళు.

ఇక కాలం విషయానికి వస్తే, జూన్ చివర నాకు నచ్చలేదు. ప్రపంచంలో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రతగా చెప్పే 134 డిగ్రీల ఫారెన్‌హీట్ 1913 జులైలో ఫర్నేస్ క్రీక్‌లోనే నమోదైంది. ఎండాకాలంలో తమ బండిని డెత్ వ్యాలీకి తీసుకుపోరాదని చాలా అద్దె కంపెనీలు ఒప్పందంలో రాస్తాయి, ఆ షరతును మీరి వెళితే బండి ఆగిపోయినప్పుడు ఖర్చంతా నీ మీదే పడుతుంది. పోనీ చలికాలంలో వెళ్దామంటే, టయోగా రోడ్డు మామూలుగా నవంబరులో మంచుకు మూతపడి మే చివర లేదా జూన్‌లో గాని తెరుచుకోదు. ఎడారికీ కొండకూ రెంటికీ సరిపడే రోజులు ఏడాదిలో కొన్నే. నా అభిప్రాయంలో అక్టోబరు మొదటి పది రోజులు మేలు. అప్పుడప్పుడు ముందస్తు మంచు వల్ల కనుమ ఒకటి రెండు రోజులు మూసేయవచ్చు కాబట్టి చేతిలో ఒక రోజు ఖాళీగా ఉంచుకో. పిల్లల బడి వల్ల వేసవి తప్పదంటే డెత్ వ్యాలీని వదిలెయ్యి. వేగాస్ నుంచి 95వ నంబరు మీద టోనోపా వెళ్ళి, అక్కడ ట్యాంకు నిండా పోయించుకుని, 6వ నంబరు మీద బిషప్ చేరి, అక్కడి నుంచి ఉత్తరానికి లీ వైనింగ్ వెళ్ళవచ్చు. ఆ దారి కూడా ఎడారే, కానీ ఎత్తు మీద సాగుతుంది.

బండి కొలతలు చేతికి రాగానే రాసి స్టీరింగ్ దగ్గర అంటించు. ఎత్తు కొలిచేటప్పుడు పైకప్పు మీది ఏసీని కలిపి కొలవాలి. కారు కోసం తయారైన జీపీఎస్ నీ ఎత్తు అడగదు, పొడవు అడగదు. జయాన్ నుంచి బ్రైస్‌కు నేరుగా వెళ్ళే దారిలో 1930లో తెరిచిన సొరంగం ఉంది, దాని కప్పు వంపుగా ఉండడం వల్ల 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు బండి తన వరుసలో తాను వెళ్ళలేదు. ఇటువంటి పెద్ద వాహనాలను 2026 నుంచి ఆ దారిలోకి రానివ్వబోమని పార్కు ప్రకటించింది. అందుచేత జయాన్ నుంచి బ్రైస్‌కు నేరుగా గీసిన గీత చెరిపేసి, 15వ నంబరు హైవే మీద సీడర్ సిటీ దాటి, 20వ నంబరు రోడ్డు మీదుగా తిరిగి వెళ్ళు. మధ్యలో 14వ నంబరు దగ్గరగా కనిపిస్తుంది గాని, అది దాదాపు 10,000 అడుగులు ఎక్కుతుంది. అలాగే డెత్ వ్యాలీలో డాంటేస్ వ్యూకూ ఆర్టిస్ట్స్ డ్రైవ్‌కూ 25 అడుగులు మించిన బండ్లను అనుమతించరు. ఆ రెండూ చూడాలని ఉంటే 24 అడుగుల ఆర్‌వీయే తీసుకో. నన్నడిగితే ఈ దారికి అదే తగిన బండి.

రోజుకు 200 మైళ్ళు మించనివ్వవద్దు, మధ్యాహ్నం మూడు గంటలకల్లా క్యాంపులో ఉండేలా చూసుకో. చీకట్లో జింకలు రోడ్డు మీదికి వస్తాయి, కొత్తచోట పెద్ద బండిని వెనక్కి పెట్టడం కూడా కష్టం. నెవాడా నుంచి యూటా వెళ్ళిన రోజున గడియారంలో గంట పోతుందని లెక్కలో వేసుకో. పార్కు క్యాంపుల్లో చాలావాటికి ఆరు నెలల ముందే బుకింగ్ మొదలవుతుంది, ప్రతి స్థలానికీ పొడవు పరిమితి ఉంటుంది గనుక అది చూసి తీసుకో.

టైర్ల పక్కన డాట్ (DOT) అనే అక్షరాల తరువాత వచ్చే చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి. ఆరేడేళ్ళు దాటిన టైర్లుంటే, పైకి కొత్తగా కనిపించినా, వేరే బండి అడుగు. గాలి ఉదయం చల్లగా ఉన్నప్పుడే చూడాలి, ఎండలో నడిచాక ఒత్తిడి పెరిగిందని తీసివేయకూడదు. తాగడానికి మనిషికి రోజుకు ఒక గాలన్ చొప్పున నీళ్ళు ట్యాంకులో ఉన్నవి కాక విడిగా పెట్టుకో. గాలన్ నీళ్ళ బరువు 8 పౌన్లకు పైనే, కాబట్టి కొండ ఎక్కే ముందు వాడిన నీళ్ళ ట్యాంకులు డంప్ స్టేషన్‌లో (మురుగునీళ్ళు పారబోసే చోట) ఖాళీ చేసెయ్యి. సెల్ సిగ్నల్ లేని మైళ్ళు చాలా ఉంటాయి, కాగితపు మ్యాపు ఒకటి కొనుక్కో.

దుమ్ము తుఫాను కమ్ముకుంటే రోడ్డు మీద నెమ్మదిగా సాగిపోదామనుకోవద్దు. పూర్తిగా రోడ్డు దిగి, లైట్లన్నీ ఆర్పి, బ్రేకు మీద నుంచి కాలు తీసి ఉండాలి. లైటు వెలుగుతుంటే వెనక వచ్చేవాడు అదే రోడ్డనుకుని నీ మీదికి వస్తాడు.

ఎత్తులు చేర్చిన కొత్త పట్టికనూ, ఆర్‌వీ అద్దె ఒప్పందం కాపీనీ నాకు పంపు. డబ్బు కట్టకముందే పంపితే, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసి జవాబు రాస్తాను.

మీ బాబాయి