చిన్నికి పెద్దమ్మ: ఆపిల్ క్రంబుల్ ఎలా చెయ్యాలంటే

చిరంజీవి చిన్నికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

శనివారం లీడ్స్‌లో మీ అద్దె ఇంట్లో కలిసుండే పిల్లలంతా తలా ఒకటి వండుతున్నారని, స్వీటు నీ వంతుకు వచ్చిందని, ఆపిల్ క్రంబుల్ చేద్దామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. మంచిదే ఎంచుకున్నావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాసి పంపుతున్నాను. వండేటప్పుడు పక్కన పెట్టుకో.

ఇంగ్లండులో ఓవెన్‌లో చేసే తీపి వంటల్లో నాకు తెలిసి ఇంతకన్నా తేలికైనది లేదు. గుడ్డు అక్కర్లేదు, బేకింగ్ పౌడర్ అక్కర్లేదు, పొంగుతుందా లేదా అన్న టెన్షన్ లేదు. అడుగున పండు ముక్కలు, పైన మైదా, వెన్న, చక్కెర కలిపిన పొడి, ఓవెన్‌లో ముప్పావు గంట. కానీ ఇంత తేలికైన దాంట్లోనూ చాలామంది చేసింది తియ్యటి ముద్దలా తయారవుతుంది. కారణాలు రెండే. పండులో పులుపు లేకపోవడం, పైపొడిని చేత్తో మరీ ఎక్కువ పిసకడం. ఈ రెండూ నువ్వు చూసుకుంటే మిగతాది ఓవెన్ చూసుకుంటుంది.

ముందు పండు సంగతి. సూపర్ మార్కెట్‌లో ఆపిల్స్ దగ్గర ఒక మూల 'కుకింగ్ ఆపిల్స్' అని వేరేగా పెడతారు. పెద్దవిగా, ఆకుపచ్చగా, ఒక్కోసారి ఒక పక్క ఎర్ర చారలతో, కాస్త వంకరగా ఉంటాయి. అవే బ్రామ్లీలు. పచ్చిది కొరికితే పళ్లు పులుస్తాయి. మనకు కావలసింది ఆ పులుపే. ఓవెన్‌లో బ్రామ్లీ ముక్కలు విచ్చుకుని మెత్తటి గుజ్జవుతాయి, చక్కెర వేసినా పులుపు నిలబడుతుంది. గాలా, పింక్ లేడీ లాంటి తినే ఆపిల్స్ అలా కాదు. అవి ఉడికినా ముక్కలుగానే ఉంటాయి, వాటికవే తియ్యగా ఉంటాయి, పైన మళ్లీ తీపి పొడి చేరేసరికి నాలుగు స్పూన్లకే మొహం మొత్తుతుంది. ఇక్కడికి వచ్చిన మనవాళ్లు క్రంబుల్ అంటే ఒట్టి తీపి అనుకునేది అలాంటివి తినే.

నేను రెండు వంతులు బ్రామ్లీ, ఒక వంతు తినే ఆపిల్స్‌లో బ్రేబర్న్ గానీ కాక్స్ గానీ వేస్తాను. గుజ్జులో అక్కడక్కడా ముక్క పంటికి తగలాలి. ఆరుగురికి చేస్తున్నావు కాబట్టి తొక్క, మధ్యలో గింజల భాగం తీసేశాక మొత్తం 700 గ్రాములు ఉండాలి. బ్రామ్లీని పెద్ద ముక్కలుగా, రెండో రకాన్ని చిన్న ముక్కలుగా కొయ్యి. బ్రామ్లీ దొరక్కపోతే గ్రానీ స్మిత్ తీసుకో. అది గట్టిగా ఉంటుంది కాబట్టి గిన్నెలో రెండు స్పూన్ల నీళ్లు వేసి ఐదు నిమిషాలు మగ్గనిచ్చి, అరచెక్క నిమ్మరసం పిండు. కోసిన ముక్కలు రంగు మారాయని కంగారు పడకు. ఉడికాక ఎవరికీ తెలియదు.

ఈ బ్రామ్లీ పుట్టిన ఊరు మా నాటింగ్‌హామ్‌కి దగ్గరే. సౌత్‌వెల్ అంటారు. 1809లో ఆ ఊళ్లో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డ్ అనే అమ్మాయి ఆపిల్ గింజలు నాటితే మొలిచిన చెట్టు అది. 1846లో ఆ ఇల్లు మాథ్యూ బ్రామ్లీ అనే మాంసం వ్యాపారి కొన్నాడు. 1856లో హెన్రీ మెర్రీవెదర్ అనే పదిహేడేళ్ల కుర్రాడు, నర్సరీ వాళ్ల అబ్బాయి, వచ్చి అంటు కొమ్మలు ఇవ్వమని అడిగితే, పండుకి నా పేరు పెడితేనే ఇస్తానన్నాడట ఆయన. అలా గింజ నాటిన పిల్ల పేరు పోయి, ఇల్లు కొన్న ఆయన పేరు నిలిచింది. నాకు అది అన్యాయంగానే అనిపిస్తుంది. అందుకే బ్రామ్లీ గురించి ఎవరికి చెప్పినా మేరీ ఆన్ పేరు చెప్పకుండా వదలను. నువ్వూ శనివారం చెప్పు. ఆ చెట్టు 1900లో తుఫానుకి ఒరిగిపోయి, పడిన చోటే మళ్లీ చిగురించింది. ఇప్పుడున్న బ్రామ్లీ చెట్లన్నీ దాని అంట్ల నుంచి వచ్చినవే.

ముక్కల్లో చక్కెర 70 గ్రాములు చాలు. చాలా వంటల పుస్తకాల్లో ఇంతకన్నా ఎక్కువే చెప్తారు, వినకు. పులుసులు, మామిడికాయ పప్పు తిని పెరిగిన నాలుక నీది, పులుపుకి భయపడనక్కర్లేదు. అర టీస్పూను దాల్చినచెక్క పొడి వేసి, డిష్‌లోనే చేత్తో కలిపెయ్యి. మన చెయ్యి అలవాటుగా ఏలకుల పొడి వైపు పోతుంది. పియర్ పండుకి, మామిడికి ఏలకులు బాగుంటాయి గానీ బ్రామ్లీకి కుదరదు, ఆ వాసన ఆపిల్ వాసనని తొక్కేస్తుంది. డిష్ లీటరున్నర పట్టేది, లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్నది చూడు. గాజుదైనా పింగాణీదైనా సరే, ఓవెన్‌లో పెట్టదగ్గదో కాదో అడుగున చూసుకో.

ఇప్పుడు పైపొడి. ఇక్కడ తొందరపడకు.

మైదా 150 గ్రాములు, ఓట్స్ 50, వెన్న 100, డెమెరారా చక్కెర 75. ఇక్కడ మైదాని 'ప్లెయిన్ ఫ్లోర్' అంటారు. పక్కనే 'సెల్ఫ్ రైజింగ్' అని ఉంటుంది, అది తెచ్చుకోకు, అందులో బేకింగ్ పౌడర్ కలిపి ఉంటుంది. డెమెరారా అంటే లేత గోధుమ రంగులో పెద్ద పలుకులున్న చక్కెర, కరకరలాడేది దానివల్లే. కప్పులతో కొలవద్దు. కప్పు ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు ఉంటుంది, ఒక చిన్న తూకం మిషను కొనుక్కో, అన్నిటికీ పనికొస్తుంది. వెన్న ఉప్పు లేనిది తీసుకుని ఒక చిటికెడు ఉప్పు నువ్వే వెయ్యి.

వెన్న ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిందై ఉండాలి. చిన్న ముక్కలుగా కోసి మైదాలో వేసి, వేళ్ల కొసలతో మాత్రమే నలుపు. అరచెయ్యి తగలనివ్వకు, అరచేతి వేడికి వెన్న కరుగుతుంది. పిండిని కాస్త పైకెత్తి, బొటనవేలితో మిగతా వేళ్ల మీద రాస్తూ గిన్నెలోకి జారవిడువు. రవ్వ రవ్వగా అవుతుంది. అక్కడక్కడా శనగగింజంత వెన్న ఉండలు మిగిలితే మంచిదే, వాటిని వెతికి నలపకు. తర్వాత చక్కెర, ఓట్స్ వేసి కలిపి, గిన్నెని అలాగే పావుగంట ఫ్రీజర్‌లో పెట్టు.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, వెన్న ముందే కరిగితే మైదా మొత్తానికీ పట్టి ముద్దవుతుంది. అది ఓవెన్‌లో ఒకే పలకలా గట్టిపడి, స్పూను దిగదు. చల్లటి వెన్న అయితే ఓవెన్‌లో ఎక్కడికక్కడ కరిగి, పొడిని పొడిగానే ఉంచి గుల్లగా చేస్తుంది. వెన్న బదులు నెయ్యి వెయ్యొచ్చా అని అడుగుతావు, నాకు తెలుసు. వెయ్యొచ్చు. వెన్నలో దాదాపు ఐదో వంతు నీళ్లూ పాల పదార్థమూ ఉంటాయి, నెయ్యిలో అవి ఉండవు. అందుకని 80 గ్రాములే తీసుకో, ఫ్రిజ్‌లో గడ్డకట్టించి వాడు. గుల్లదనం కొంచెం తగ్గుతుంది, వాసన మాత్రం మన ఇంటి వాసన వస్తుంది.

పండుని పిండి పొరలో కప్పి కాల్చే 'పై' (pie) లాంటి వంటలకు పట్టేంత వెన్న ఇళ్లల్లో దొరకని కాలంలోనే క్రంబుల్ ఇక్కడ ఇంటింటికీ చేరిందంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో 1940 జనవరిలో వెన్న, చక్కెర, బేకన్ అనే ఉప్పు పట్టించిన పంది మాంసం రేషన్ కిందికి వచ్చాయి. యుద్ధం 1945లో ముగిసినా రేషన్ పూర్తిగా పోయింది 1954లోనే. ఉన్న కాస్త కొవ్వుతో, ఉన్న కాస్త చక్కెరతో పెరట్లో కాసిన పుల్లటి ఆపిల్స్‌ని పిల్లలు ఇష్టంగా తినేలా చేసిన తల్లుల వంట ఇది. అందుకే ఇందులో వెన్న, చక్కెర పెంచుకుంటూ పోతే బాగుపడదని నా అభిప్రాయం.

పొడిని పండు మీద చల్లు. చల్లాలి, అంతే. స్పూనుతో అదిమి చదును చెయ్యకు. పండులోంచి వచ్చే ఆవిరికి పైకి దారి కావాలి, లేకపోతే పొడి అడుగంతా తడిసి పచ్చిపిండిలా ఉండిపోతుంది. అంచుల దాకా చల్లి, మధ్యలో మరీ మందంగా కుప్ప కాకుండా చూడు.

ఓవెన్ దగ్గర జాగ్రత్త. అద్దె ఇంటి ఓవెన్లలో డయల్ మీద అంకెలు చెరిగిపోయి గుర్తులు మాత్రమే మిగులుతాయి. గుండ్రంలో ఫ్యాన్ బొమ్మ ఉంటే ఫ్యాన్ ఓవెన్, దానికి 160 డిగ్రీలు. పైనొక గీత, కిందొక గీత ఉంటే మామూలు వేడి, దానికి 180. గ్యాస్ ఓవెన్ అయితే గ్యాస్ మార్క్ 4. పైన పళ్లు పళ్లుగా గీత ఉన్నది గ్రిల్, దాని జోలికి వెళ్లకు, పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. పావుగంట ముందే వెలిగించి వేడెక్కనివ్వు. వెలిగించే ముందు తలుపు తెరిచి చూడు, పదిమంది ఉండే ఇళ్లలో పెనాలూ ట్రేలూ లోపలే దాచేస్తారు. డిష్ కింద ఒక ట్రే పెట్టు, రసం పొంగి కారితే ఓవెన్ అడుగున మాడి పొగ వస్తుంది.

40 నుంచి 45 నిమిషాలు పడుతుంది. గడియారం కన్నా డిష్ అంచులు చూడు. అంచుల్లోంచి రసం చిక్కగా, నెమ్మదిగా బుడగలు కక్కుతూ ఉండాలి, పైన బంగారు రంగు రావాలి. రంగు ముందే వచ్చి రసం ఇంకా ఉడక్కపోతే ఫాయిల్ వదులుగా కప్పి మరికాస్త ఉంచు. బయటికి తీశాక పావుగంట ఆగు. ఆ లోపల గుజ్జు మరుగుతూ ఉంటుంది, నోరు కాలుతుంది. ఆగితే రసం కూడా చిక్కబడుతుంది.

పైన వేడి కస్టర్డ్ పోసుకుని తినాలి. మనం ఇంట్లో చేసే చల్లటి ఫ్రూట్ కస్టర్డ్ కాదు, పల్చగా, వేడిగా పోసుకునేది. దీనికి ఇక్కడ బర్డ్స్ కస్టర్డ్ పౌడర్ దొరుకుతుంది. 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన, భార్యకి గుడ్డు పడదని, మొక్కజొన్న పిండితో గుడ్డు లేని కస్టర్డ్ తయారుచేశాడు. ఇన్నేళ్ల తర్వాత మనలాంటి శాకాహారులకు అది అక్కరకొచ్చింది. అర లీటరు పాలకు రెండు టేబుల్ స్పూన్ల పౌడరు, ఒక స్పూను చక్కెర. పౌడరుని ముందు కాసిని చల్లటి పాలలో ఉండ లేకుండా కలిపి, మరిగే పాలలో పోసి తిప్పుతూ ఉండు. అన్నట్టు, దుకాణంలో కొనే పైలలో, క్రిస్మస్‌కి అమ్మే మిన్స్ పైలలో పంది కొవ్వో గొడ్డు కొవ్వో ఉండొచ్చు, లేబుల్ చదవకుండా కొనకు. ఇంట్లో చేసిన క్రంబుల్‌తో ఆ బాధ లేదు.

మీ ఇంట్లో వాళ్లని ఎవరికి ఏది పడదో ముందే అడుగు. బాదం, హేజెల్‌నట్ పొడి కొందరు పైపొడిలో కలుపుతారు, రుచిగా ఉంటుంది, కానీ పప్పులు పడనివాళ్లకి ప్రాణం మీదికి వస్తుంది. పాలు ముట్టనివాళ్లుంటే వెన్న బదులు కడ్డీగా అమ్మే, పాలు కలవని వెజిటబుల్ మార్గరిన్ వాడు, డబ్బాలో వచ్చే మెత్తటిది వద్దు.

మిగిలితే ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంటుంది. మైక్రోవేవ్‌లో వేడిచేస్తే పైపొడి మెత్తబడిపోతుంది, ఓవెన్‌లోనే పెట్టు. పైపొడిని ఒకేసారి రెండింతలు చేసి సగం సంచిలో కట్టి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే, ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చిన రోజున పండు కొయ్యడమొక్కటే పని.

నువ్వు లీడ్స్‌లో ఉన్నావు కాబట్టి ఇంకొకటి చెప్పాలి. జనవరి, ఫిబ్రవరిల్లో వేక్‌ఫీల్డ్, మోర్లీ, రాత్‌వెల్ మధ్య ఉన్న పల్లెల్లో చీకటి షెడ్లలో రూబార్బ్ అనే, కాడలు తినే మొక్కని పెంచి, కొవ్వొత్తి వెలుగులో కోస్తారు. వెలుతురు తగిలితే కాడ ముదిరిపోతుందని. లేత గులాబీ రంగు కాడలు, గోంగూరంత పులుపు. మీ మార్కెట్‌కి వచ్చినప్పుడు వదులుకోకు. దానికి చక్కెర 100 గ్రాములు, తురిమిన అల్లం కాస్త, ఒక స్పూను కార్న్‌ఫ్లోర్, ఎందుకంటే నీరు బాగా వదులుతుంది. ఆకులుంటే పారెయ్యి. అవి విషం, తినకూడదు.

మీ అమ్మ కూడా గుంటూరులో ఓటీజీలో, అంటే చిన్న కరెంటు ఓవెన్‌లో, చేస్తానంటోంది. అక్కడ దొరికే ఆపిల్స్ తియ్యగా ఉంటాయి కాబట్టి వాటితో వద్దని చెప్పాను. వేసవిలో, ఇంకా పూర్తిగా పండని దోర మామిడికాయలతో చెయ్యమన్నాను. పుల్లగా తియ్యగా ఉంటుంది, ముక్క చెదరదు. దానికి ఏలకులు వేసుకోవచ్చు.

శుక్రవారం లోపు నీ ఓవెన్ డయల్ ఫొటో తీసి పంపు. ఏ గుర్తు మీద పెట్టాలో చూసి చెప్తాను.

ఉంటాను,
పెద్దమ్మ